దర్బన్ రేవులో ఏలూరు వకీలు

మా మండవల్లి స్టేషన్‌లో దిగి ఊళ్లోకి నడిస్తే దారికి రెండు పక్కలా ఇప్పుడు వరిచేలకంటే చెరువులే ఎక్కువ కనిపిస్తాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఈ చెరువుల గట్ల మీద అదే మాట. రొయ్య ధర ఎంతకు పడిపోతుంది, మేత అప్పు ఎట్లా తీరుతుంది, ఢిల్లీవాళ్లు వాషింగ్టన్‌తో ఏం మాట్లాడుతున్నారు? రైతు గోడు అందరికీ వినబడింది, వినబడాల్సిందే. అదే గట్టు మీద రాత్రంతా కాపలా కాసే మా పేట కుర్రాడి కూలి సంగతి, షెడ్లలో నిలబడి రొయ్య తల తీసే మా ఆడవాళ్ల పనిదినాల సంగతి మాత్రం నేను విన్న ఆ మాటల్లో ఎక్కడా రాలేదు.

విదేశాంగ విధానం అంటే మనకు సంబంధం లేని పెద్దల వ్యవహారమని మా పేటలో అనుకుంటారు. కానీ పేటలో ఇంటికొకరు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నారు. దేశం దాటినవాళ్ల తరఫున దేశం ఏం మాట్లాడుతుంది, ఎవరి నోటితో మాట్లాడుతుంది, మాట్లాడేటప్పుడు ఎవరిని లెక్కలోకి తీసుకుంటుంది అన్న ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళుతుంటే నాకు ఏలూరు మనిషి ఒకాయన ఎదురయ్యాడు. సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు. ఒకప్పుడు మద్రాసు రాష్ట్రమంతా తెలిసిన పేరు. ఇప్పుడు కుల సంఘాల క్యాలెండర్ల మీద ఫొటోగా మిగిలాడు. మన ఉద్యమ సాహిత్యంలో ఆయన ప్రస్తావన దాదాపు ఉండదు. ఉండాలని నా వాదన. పొగడడానికి కాదు.

పేరులో రెడ్డి ఉంది, నాయుడు ఉంది. కులం తెలగ. ఈ పేరు సంగతి తర్వాత మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

1875లో ఏలూరులో పుట్టాడు. రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివి, లా పట్టా పుచ్చుకుని వకీలుగా స్థిరపడ్డాడు. ఆయన పుట్టేనాటికి గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట కట్టి ఇరవై ఏళ్లు దాటింది. డెల్టాలో నీళ్లు పారిన చోటల్లా భూమి ధర పెరిగింది, భూమి ఉన్నవాళ్ల పిల్లలు ఇంగ్లీషు చదువుల్లోకి వెళ్లారు, కోర్టులు, మునిసిపాలిటీలు, తాలూకా బోర్డులు వచ్చాయి. భూమి లేని మాలమాదిగలు అదే డెల్టాలో పాలేర్లుగా ఉండిపోయారు, లేదంటే ఓడలెక్కారు. కోరంగి రేవు నుంచి రంగూన్‌కు, మద్రాసు రేవు నుంచి మారిషస్‌కు, నేటాల్‌కు. ఏలూరు వకీలు జీవితమూ ఆ ఓడలెక్కినవాళ్ల జీవితమూ యాభై ఏళ్ల తర్వాత దర్బన్‌లో కలుసుకున్నాయి. నాకు ఆసక్తి అక్కడే. అయితే ముందు మద్రాసు రాజకీయం కొంత చెప్పుకోవాలి, లేకపోతే ఆయన దర్బన్ దాకా ఎట్లా వెళ్లాడో అర్థం కాదు.

1916లో పుట్టిన జస్టిస్ పార్టీ బ్రాహ్మణేతరులకు చట్టసభల్లోనూ ఉద్యోగాల్లోనూ వాటా అడిగింది. 1919లో మాంటేగు చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల బిల్లు మీద లండన్‌లో పార్లమెంటు సంయుక్త కమిటీ సాక్ష్యాలు తీసుకుంటుంటే పార్టీ తన ప్రతినిధులను పంపింది. నాయకుడు డాక్టర్ టి.ఎం. నాయర్. ఆయన సాక్ష్యం చెప్పకుండానే 1919 జూలై 17న లండన్‌లోనే చనిపోయాడు. ఆ బరువు వెంకటరెడ్డి నాయుడు మీదా ఆయనతో వెళ్లిన మిగతా వాళ్ల మీదా పడింది. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లు. జిల్లా కోర్టు వకీలు బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని, సంఖ్యలో అత్యధికులైన వాళ్లకు అధికారంలో వాటా లేదని వాదించాడు. ఆ వాదనకు ఫలితం దక్కింది. 1920 మార్చిలో లార్డ్ మెస్టన్ ఇచ్చిన తీర్పుతో మద్రాసు శాసనమండలిలో 28 స్థానాలు బ్రాహ్మణేతరులకు ప్రత్యేకించారు. వాళ్లు అడిగినదానికి ఇది తక్కువే.

అదే మండలిలో మాల, మాదిగ, పరయ, పళ్ల, చక్కిలియ తదితర కులాలన్నిటికీ కలిపి దక్కినవి 5 స్థానాలు. అవి ఎన్నికతో నిండేవి కావు, గవర్నరు నామినేట్ చేసేవి. బ్రాహ్మణేతరులు అన్న మాటలో మనం ఉన్నామా లేమా అన్న ప్రశ్న నూరేళ్ల కిందటే పుట్టింది. దానికి మనవాళ్లు తమదైన జవాబు అప్పటికే ఇచ్చేశారు కూడా. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచమ అన్న పేరు పక్కన పెట్టి ఆది ఆంధ్ర అన్న పేరు ఎత్తుకుంది. ఏలూరుకు బెజవాడ రైల్లో పూట ప్రయాణం కూడా కాదు.

1920 ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించింది, జస్టిస్ పార్టీ గెలిచింది. డిసెంబరు 17న ప్రమాణం చేసిన ముగ్గురు మంత్రులు సుబ్బరాయలు రెడ్డియార్, పానగల్ రాజా రామరాయణింగారు, కూర్మా వెంకటరెడ్డి నాయుడు. ఈయనకు అభివృద్ధి శాఖ. ఆ తర్వాతి ఏడాది పులియంతోపు జరిగింది. మద్రాసులో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల్లో 1921లో సమ్మె మొదలైతే ఆది ద్రావిడ కార్మికుల్లో చాలామంది పనిలోకి తిరిగి వెళ్లారు. నగరంలో ఇళ్లు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి, మనుషులు చచ్చారు. జస్టిస్ పార్టీ పెద్దలు ఆది ద్రావిడులను ప్రభుత్వం నెత్తికెక్కించుకుంటోందని ఆరోపించారు. త్యాగరాయ చెట్టి వాళ్లను నగరం బయటికి తరలించాలన్న దాకా వెళ్లాడు. మండలిలో దళితుల గొంతుగా ఉన్న ఎం.సి. రాజా 1923లో పార్టీతో తెగతెంపులు చేసుకున్నాడు. వెంకటరెడ్డి నాయుడు ఆ మంత్రివర్గంలో ఉన్నాడు. మంత్రివర్గంలో ఉన్న మనిషికి దాని మంచిలో వాటా ఉన్నట్టే చెడులోనూ ఉంటుంది. 1921 నాటి కమ్యూనల్ జీవో సంగతి చెప్పుకునే మిత్రులు దాని లెక్క కూడా చెప్పాలి. 1927లో సవరించాక ప్రతి 12 ఉద్యోగాల్లో 5 బ్రాహ్మణేతర హిందువులకు పోతే, అణగారిన కులాలకు వచ్చింది 1.

సుబ్బరాయలు రెడ్డియార్ తప్పుకున్నాక మంత్రులు ముగ్గురూ తెలుగువాళ్లే అయ్యారని తమిళ సభ్యులు గొడవ చేశారు. 1923 ఎన్నికల తర్వాత కట్టిన కొత్త మంత్రివర్గంలో ఈయన స్థానంలో తమిళుడైన శివజ్ఞానం పిళ్లై వచ్చాడు. వాటా అడిగిన పార్టీలో వాటా లెక్కే ఈయన పదవికి ఎసరు పెట్టింది. ఇందులో నాకు కాస్త నవ్వు వస్తుంది, దాచుకోను.

పదవి పోయిన మనిషికి తెల్లదొరలు పని చూపించారు. 1928లో జెనీవాలో నానాజాతి సమితి సమావేశానికి వెళ్లిన భారత ప్రతినిధి బృందంలో ఆయన ఉన్నాడు. దేశానికి స్వాతంత్ర్యం లేదు, కానీ నానాజాతి సమితిలో సభ్యత్వం ఉంది. మాట్లాడే నోరు ఇక్కడిది, మాట ఏమిటన్నది మాత్రం లండన్‌లోనూ సిమ్లాలోనూ నిర్ణయమయ్యేది. అంతకు రెండేళ్ల ముందే, 1926లో, అదే సమితి బానిసత్వ నిర్మూలన ఒడంబడిక ఆమోదించింది. మన పల్లెల్లో వెట్టి అప్పుడు ఏ స్థితిలో ఉందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

1929 మొదట్లో ఆయన దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటుగా వెళ్లాడు. అంతకుముందు ఆ పదవిలో ఉన్నది వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి, ఇంగ్లీషు వాగ్ధాటికి సామ్రాజ్యమంతా పేరు పొందిన మనిషి. ఆ కుర్చీలో ఆయన తర్వాత కూర్చోవడం ఎవరికైనా ఇబ్బందే. ఏజెంటు అంటే రాయబారి కాదు. ఆ పదవికి ఏజెంట్ జనరల్ అన్న పేరు 1935లో, హై కమిషనర్ హోదా 1941లో వచ్చాయి. అప్పట్లో విదేశాల్లోని భారతీయుల వ్యవహారం ఢిల్లీలో ఏ శాఖ కింద ఉండేదో చూస్తే విచిత్రంగా ఉంటుంది. విద్య, ఆరోగ్యం, భూముల శాఖ. సముద్రాల అవతల ఉన్న లక్షలాది మంది గతి బడుల ఫైళ్ల పక్కన, భూముల ఫైళ్ల పక్కన ఒక ఫైలు.

ఆయన దిగిన దేశం ఎట్లాంటిది? 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి వెళ్లి దర్బన్ రేవులో లంగరు దించింది. అది మొదలు 1911 దాకా 1,52,184 మంది ఒప్పంద కూలీలు నేటాల్ చేరారు. మూడింట రెండు వంతుల మంది మద్రాసు గుండా వెళ్లినవాళ్లే. విశాఖ, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు వాళ్లలో ఉన్నారు. ఓడ జాబితాల్లో ప్రతి మనిషికి ఒక నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది మచ్చలు రాసేవారు. కులం గడిలో మాల, పరయ అన్న మాటలు కనిపిస్తాయి. చెరకు తోటల్లో, బొగ్గు గనుల్లో, రైల్వేలో అయిదేళ్ల ఒప్పందం. ఒప్పందం ముగిసి అక్కడే ఉండాలనుకుంటే 1895 చట్టంతో మనిషికి ఏటా మూడు పౌన్ల పన్ను. ఆ పన్ను 1914లో పోయింది.

ఒకటి మాత్రం జరిగింది. ఓడలో వేరే వంట, వేరే పంక్తి సాగలేదు. తోటల్లో కట్టిన కూలీల లైన్లలో గోడకు గోడ ఆనుకుని అన్ని కులాలూ ఉన్నాయి. పల్లె, ఊరు అన్న విభజన అక్కడ లేదు. పెళ్లిళ్లప్పుడు కులం ఆరా తీయడం పూర్తిగా పోలేదు, కానీ పనికీ కులానికీ ముడి తెగింది. ఒప్పందం ముగిసి బయటికి వచ్చినవాళ్లలో కొందరు పేర్లు మార్చుకున్నారు. అక్కడి తెలుగువాళ్లలో నాయుడు అన్న పేరు అంత విస్తారంగా కనబడడానికి ఇది కూడా కారణమని ఆ సమాజాన్ని అధ్యయనం చేసినవాళ్లు చెబుతారు. మాలపల్లె నుంచి ఓడెక్కిన మనిషి మనవడు దర్బన్‌లో నాయుడుగా బతకగలిగాడు. వాళ్ల తరఫున మాట్లాడడానికి ఏలూరు నుంచి అసలు నాయుడు వచ్చాడు. ఆ రెండు పేర్లూ ఎదురుపడిన క్షణాన్ని ఊహించుకోవడం నాకు ఇష్టం.

ఆ నేటాల్ గురించి మనవాళ్లలో ఒకరికి ముందే తెలుసు. రెట్టమలై శ్రీనివాసన్, మద్రాసు పరయ మహాజన సభ స్థాపకుడు. 1904 నుంచి 1920 దాకా దక్షిణాఫ్రికాలో ఉండి అక్కడి కోర్టుల్లో దుబాసీగా పని చేశాడు. తిరిగొచ్చి 1923లో మద్రాసు మండలిలో సభ్యుడయ్యాడు. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో అంబేడ్కర్ పక్కన కూర్చున్న రెండో దళిత ప్రతినిధి ఆయనే. అంటే వెంకటరెడ్డి నాయుడు దక్షిణాఫ్రికాలో భారతీయులకు తెల్లవాళ్లతో సమాన గౌరవం అడుగుతున్న ఆ నెలల్లోనే, అక్కడ పదహారేళ్లు గడిపిన దళితుడు లండన్‌లో భారతీయుల నుంచి భారతీయులకు సమాన గౌరవం అడుగుతున్నాడు. ఈ రెండు డిమాండ్లనూ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు మన చరిత్ర రచనకు లేదు.

ఏజెంటుగా ఆయనకు ఎదురైన మనిషి పేరు వింటే విద్యార్థులు ఉలిక్కిపడతారు. హోం శాఖ మంత్రి డి.ఎఫ్. మలాన్. 1948లో అపార్థైడ్ ప్రభుత్వాన్ని నడిపిన మలానే. 1927 కేప్‌టౌన్ ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి కాబట్టి పైకి మర్యాద నడుస్తోంది. ఆ ఒప్పందానికి రెండు ముఖాలు. దక్షిణాఫ్రికాలో ఉండిపోయే భారతీయుల చదువు, జీవన ప్రమాణం మెరుగుపరుస్తామని ఆ దేశం మాట ఇచ్చింది. బదులుగా, తిరిగి వెళ్లిపోవాలనుకునే వాళ్లకు భారత్ సహకరిస్తుంది. వెళ్లేవాళ్లకు పెద్దలకు 20 పౌన్లు, పిల్లలకు 10 పౌన్లు, ఓడ ఖర్చు. మూడేళ్లలోపు తిరిగి రాకపోతే అక్కడి నివాస హక్కు పోతుంది.

20 పౌన్లకు ఆశపడింది ఎవరు? దుకాణాలున్న గుజరాతీ వర్తకులు కాదు. 1924 నుంచి అక్కడి ప్రభుత్వం తెల్ల కూలీలకు ఉద్యోగాలు కట్టబెట్టే విధానం పెట్టి రైల్వేల్లోంచి, మునిసిపాలిటీల్లోంచి భారతీయ కూలీలను ఊడ్చేసింది. 1929 చివర్లో ప్రపంచమంతా మాంద్యం వచ్చి పడింది. పని పోయిన తెలుగు, తమిళ కుటుంబాలు ఆ డబ్బు పుచ్చుకుని ఓడలెక్కాయి. మద్రాసులో దిగాక వాళ్లకు జరిగింది 1931లో భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది తిరిగొచ్చిన వలసదారుల మీద వెలువరించిన నివేదికలో ఉంది. నేటాల్‌లో పుట్టిన పిల్లలకు ఇక్కడి ఎండ, నీళ్లు పడలేదు. తెచ్చిన డబ్బు నెలల్లో ఆవిరైంది. ఊళ్లకు వెళితే కులం తప్పినవాళ్లని వెలేశారు. చాలామంది మద్రాసు మురికివాడల్లో, కలకత్తా మటియాబుర్జ్‌లో తేలారు. ఇక్కడ కులం తప్పడం అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. శూద్ర కుటుంబానికి అది ప్రాయశ్చిత్తంతో తీరే మచ్చ కావచ్చు. నేటాల్‌లో గోడకు గోడ ఆనుకుని బతికిన మాల కుటుంబానికి అది మళ్లీ ఊరి బయటికి, మళ్లీ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే వీధిలోకి రావడం. రెండోదానికి ప్రాయశ్చిత్తం లేదు.

ఏజెంటు కాలం ఎక్కువగా దేనికి పోయిందో చూస్తే బాధ కలుగుతుంది. ట్రాన్స్‌వాల్ భూముల గొడవకు. బంగారు గనుల ప్రాంతాల్లో భారతీయులు నివసించడాన్ని, వ్యాపారం చేయడాన్ని అక్కడి పాత చట్టాలు నిషేధించాయి. ఏళ్ల తరబడి చూసీచూడనట్టు సాగిన దుకాణాలను ఖాళీ చేయించే బిల్లును 1930లో సభలో పెట్టారు. దాన్ని ఆపడానికి వెంకటరెడ్డి నాయుడు చేయగలిగింది చేశాడు. మంత్రులను కలిశాడు, భారత ప్రభుత్వంతో ఒత్తిడి తెప్పించాడు, రెండో రౌండ్ టేబుల్ సమావేశం జరిగేదాకా బిల్లు ముందుకు కదల్లేదు. అన్యాయమైన బిల్లు, అడ్డుకోవడం న్యాయం. అయినా లెక్క వేయండి. ఆస్తి ఉన్న కొద్దిమంది సమస్య రెండు ప్రభుత్వాల మధ్య చర్చనీయాంశమైంది. పని లేని వేలమంది సమస్య ఓడ టికెట్టుగా మారింది. చెరువు గట్టు మీద 2025లో నేను విన్న మాటల్లోనూ ఇదే పోలిక. సరుకు ఉన్నవాడి నష్టం దేశం నష్టం. కూలి నష్టం కూలివాడిది.

తప్పంతా ఈయన మీద మోపను. ఏజెంటు చేతిలో ఉన్నది మాట ఒక్కటే. వెనక సైన్యం లేదు, వాణిజ్య బెదిరింపు లేదు, ఆఖరికి సొంత ప్రభుత్వం లేదు. బ్రిటిష్ వైస్రాయి తరఫున ఏలూరు వకీలు, బ్రిటిష్ కిరీటం కిందే ఉన్న మలాన్‌తో వాదించడం, ఒకే దొర దివాణంలో ఇద్దరు గుమాస్తాల పోట్లాట లాంటిది. అందులో ఒక గుమాస్తాకు తెల్లతోలు ఉంది.

ఆయన ఏజెంటుగా ఉన్న రోజుల్లోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది. మద్రాసు నుంచి వచ్చిన వాళ్లందరినీ ఒకే గాటన కట్టి చూసే దేశంలో తెలుగు అనే గుర్తు నిలిచింది. తర్వాతి తరాలకు తెలుగు అక్షరాలు, పాటలు అందించడానికి ఆ సభ చేసిన పని తక్కువది కాదు. తెలుగువాడు ఏజెంటుగా ఉండడం ఆ ఉత్సాహానికి తోడైందనే నేను అనుకుంటాను. ఆ సభలో మాల ఇంటివాళ్లు, కాపు ఇంటివాళ్లు ఒకే చాప మీద కూర్చున్నారా అన్నది నేను ఇంకా వెతుకుతున్న ప్రశ్న.

1932 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కేప్‌టౌన్‌లో రెండో సమావేశం జరిగింది. భారత బృందానికి ఫజ్ల్ ఇ హుసేన్ నాయకుడు. శాస్త్రి, సరోజినీ నాయుడు, వెంకటరెడ్డి నాయుడు అందులో ఉన్నారు. అవతల మలాన్. తిరిగి పంపే పథకం దాదాపు అయిపోయిందని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. ఎందుకంటే అప్పటికే అక్కడి భారతీయుల్లో 80 శాతం మంది ఆ గడ్డ మీద పుట్టినవాళ్లు. పుట్టిన దేశం నుంచి మనిషిని ఎక్కడికి తిరిగి పంపుతారు? అయినా వాళ్లను ఇంకో దేశంలో, ఖాళీ భూముల్లో స్థిరపరచే అవకాశం పరిశీలించాలని ఒప్పుకుని లేచారు. ట్రాన్స్‌వాల్ చట్టం కొన్ని సవరణలతో ఆ ఏడాదే వచ్చేసింది. వలస పరిశీలనకు సహకరించాలా వద్దా అన్న దాని మీద అక్కడి భారతీయ కాంగ్రెస్ చీలి, అక్కడే పుట్టినవాళ్లు 1933లో వేరే సంఘం పెట్టుకున్నారు. దానికి ముందే, 1932లో, వెంకటరెడ్డి నాయుడు పదవీకాలం ముగించుకుని వచ్చేశాడు.

ఆయన వచ్చేనాటికి ఇక్కడ పూనా ఒడంబడిక వేడి. 1932 సెప్టెంబరు 24న సంతకాలు. ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, మద్రాసు శాసనసభలో అణగారిన కులాలకు 30 రిజర్వు స్థానాలు వచ్చాయి. 1919లో 5 నామినేషన్లు, ఇప్పుడు 30. ఈ తేడా జస్టిస్ పార్టీ ఇచ్చింది కాదు, కాంగ్రెస్ ఇచ్చిందీ కాదు. లండన్‌లో మన తరఫున మన మనుషులే మాట్లాడితే వచ్చింది, అదీ ఉపవాసం పేరుతో సగం కోసేశాక మిగిలింది.

ఆ తర్వాత ఆయన మెట్లు చకచకా ఎక్కాడు. 1934లో గవర్నరు కార్యనిర్వాహక మండలిలో లా సభ్యుడు. 1936లో గవర్నరు సెలవు మీద వెళితే జూన్ నుంచి అక్టోబరు మొదటి దాకా తాత్కాలిక గవర్నరు. ఉస్మాన్ తర్వాత మద్రాసులో ఆ కుర్చీలో కూర్చున్న రెండో భారతీయుడు. 1937 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ మట్టికరిచింది, 215 స్థానాల సభలో దానికి దక్కినవి 18. గెలిచిన కాంగ్రెస్ గవర్నర్ల విశేషాధికారాల మీద హామీ కోరుతూ మంత్రివర్గం కట్టనంది. ఆ ఖాళీలో 1937 ఏప్రిల్ 1న వెంకటరెడ్డి నాయుడు ప్రధానమంత్రిగా మధ్యంతర ప్రభుత్వం ఏర్పడింది. జూలై 14 దాకా మూడున్నర నెలల సంసారం. సభను ఎదుర్కోకుండా నడిచిన ప్రభుత్వం. ప్రజాస్వామ్యం దృష్టితో చూస్తే సమర్థించలేం, నేను సమర్థించను.

కానీ ఆ మంత్రివర్గంలో ఎం.సి. రాజా ఉన్నాడు. పద్నాలుగేళ్ల కిందట జస్టిస్ పార్టీకి తలాక్ చెప్పిన రాజాయే. ఆయనకు ఇచ్చిన శాఖ ఏమిటో చూడండి. అభివృద్ధి. 1920లో వెంకటరెడ్డి నాయుడు తాను మొదటిసారి మంత్రి అయినప్పుడు చేపట్టిన శాఖే. ఆ ప్రభుత్వానికి మనుషులు దొరకడమే కష్టం కాబట్టి పిలిచారని అనవచ్చు, అది కొంత నిజమే. నాకు మాత్రం ఇంకో అనుమానం ఉంది, రుజువు లేని అనుమానమని ఒప్పుకునే చెబుతున్నాను. రంగు చూసి మనిషిని పక్కన పెట్టే దేశంలో మూడేళ్లు ఏజెంటుగా బతికి వచ్చిన మనిషి, పులియంతోపు నాటి మనిషే అయి ఉండడు.

1940లో అణ్ణామలై విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. అక్కడ కూడా ఆయనకు ముందున్నది శ్రీనివాసశాస్త్రే. 1942లో చనిపోయాడు. రెండేళ్ల తర్వాత, 1944లో, వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడి హోదాలో అంబేడ్కర్ ఆంధ్ర జిల్లాల్లో పర్యటిస్తూ ఏలూరు, తాడేపల్లిగూడెం వచ్చాడు. కొల్లేటి లంకల నుంచి కూడా జనం నడిచి వెళ్లారని మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. పెనుమాకలంక వైపు నుంచి పడవ మీద రావాలి అప్పట్లో.

1946లో రెండు సంగతులు జరిగాయి. దక్షిణాఫ్రికా తన భారతీయుల పట్ల చూపుతున్న వివక్ష మీద భారత్ ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు పెట్టింది, డిసెంబరులో సర్వసభ్య సభ మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానం చేసింది. వెంకటరెడ్డి నాయుడు మలాన్ గదిలో బతిమాలుతూ అడిగినదాన్ని దేశం ఇప్పుడు ప్రపంచ వేదిక మీద తలెత్తి అడిగింది. అదే ఏడాది అంబేడ్కర్ అమెరికాలో డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. నల్లజాతివాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న వినతిపత్రం ప్రతి కావాలని, అంటరానివాళ్ల తరఫున అట్లాంటి దారి చూస్తున్నామని అందులో సంగతి. డుబాయిస్ జూలై 31న జవాబు రాశాడు.

1965 జాతి వివక్ష నిర్మూలన ఒడంబడికలో పుట్టుక ఆధారంగా చూపే వివక్ష అన్న మాట భారత్ ప్రతిపాదనతోనే చేరింది. ఆ మాటలో కులం కూడా వస్తుందని 2002లో ఐక్యరాజ్యసమితి కమిటీ తేల్చి చెప్పింది. రాదని భారత ప్రభుత్వం ఈనాటికీ అంటోంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది, అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అట్లాంటి బిల్లునే వీటో చేశాడు. ఆ రెండు చోట్లా అటూ ఇటూ నిలబడి వాదించిన వాళ్లలో మన తెలుగువాళ్లు ఉన్నారు.

కమిటీ ఆ మాట చెప్పడానికి ఏడాది ముందు, 2001 ఆగస్టు 31న, జాతి వివక్షకు వ్యతిరేకంగా ప్రపంచ సభ మొదలైంది. ఆ సభ పత్రాల్లో కులం అన్న మాట రాకుండా భారత ప్రభుత్వ ప్రతినిధులు పట్టుబట్టి ఆపారు. బయట దళిత ప్రతినిధులు డప్పులు కొట్టారు. సభ జరిగిన ఊరు దర్బన్. ట్రూరో ఓడ లంగరు దించిన రేవు ఆ ఊరిదే.